నేల మీద పెట్టని ముద్ద

ఆమె శనివారం పొద్దున పోయింది. కొత్తపేట రైతుబజార్లో బీరకాయలు ఏరుతూ, కాయ చేతిలో ఉండగానే పక్కనున్న టమాటా గంపల మీదికి ఒరిగిపోయింది. వెంట వెళ్ళిన వంటమనిషి యాదమ్మ ఆటోలో దవాఖానకు చేర్చేలోపే అంతా అయిపోయింది. మధ్యాహ్నానికి ఆమె తమ్ముడు వ్యాన్ మాట్లాడుకుని వచ్చి, నల్లగొండ దగ్గరున్న సొంతూరికి తీసుకుపోయాడు.

చావు జరిగిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగించరు. యాదమ్మ మాత్రం వ్యాన్ సందు మలుపు తిరగగానే కళ్ళు తుడుచుకుని గ్యాస్ వెలిగించింది. "రేపు పిల్లలకు పరీక్షున్నది. వండకపోతే ఆమెనే లేచొచ్చి తిడతది," అని ఎవరూ అడగకుండానే సంజాయిషీ చెప్పింది. నేను ఆమె నడిపే హాస్టల్ వరండాలో నిలబడి ఉన్నాను. లోపలికి పోవాలో, ఇంటికి పోవాలో తెలియలేదు.

ఆఫీసు గదిలో టేబుల్ మీద, పిల్లల ఫోన్ ఛార్జర్ల మధ్య, రెండు చేతులతో పట్టుకుని ఆడే చిన్న వీడియో గేమ్ ఒకటి ఛార్జింగ్‌లో ఉంది. తెర వెలుగుతోంది. తెర మీద ఒక బాటసారి వెల్లకిలా పడి ఉన్నాడు. కింద జపాన్ అక్షరాల్లో రెండు మాటలు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతి, పోయినావిడ వస్తువు అలా వెలుగుతూ ఉండటం బాగోలేదనుకుందేమో, ఆపేయడానికి చెయ్యి చాపింది.

"దాన్ని ముట్టకు," అని వంటింట్లోంచి యాదమ్మ అరిచింది. "అందుల మనిషున్నడు."

ఆ శనివారం ఆమె చెయ్యాల్సిన పని ఒకటుంది. ఆ రెండు మాటల్లో ఒకదాన్ని నొక్కాలి. నొక్కుతానని నా ముందే చెప్పింది, శనివారం దాకా ఆగుతాననీ చెప్పింది. ఎందుకు ఆగిందో తెలియాలంటే ఆమె ఎలాంటి మనిషో తెలియాలి.

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద మెట్రో పిల్లర్ల వెంట నడిస్తే ఎటు చూసినా కోచింగ్ సెంటర్ల బోర్డులే. గ్రూప్స్, పోలీసు, బ్యాంకు, టీచర్ పోస్టులు. ఆ బోర్డుల వెనక సందుల్లో, ఆ బోర్డులు చూసి ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లల హాస్టళ్ళు. ఆమెది ఆడపిల్లల హాస్టల్, మా ఇంటికి సరిగ్గా ఎదురుగా. నేను పత్రికాఫీసులో డెస్కు పని చేసి రిటైరయ్యాను. మా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు ముదిరి పొయ్యి దగ్గర నిలబడలేకపోయాక మాకు రెండు పూటలా క్యారియర్ అక్కడి నుంచే. అలా పరిచయం.

పొట్టి మనిషి. కొంగు నడుముకు బిగించకుండా ఆమెను నేను చూడలేదు. పిల్లలందరూ ఆంటీ అనేవారు, ఆమె అందరినీ బిడ్డా అనేది. కోపం వస్తే మాత్రం "మేడమ్ గారూ" అని పిలిచేది. ఆ పిలుపు అందుకున్న పిల్ల ఆ రోజంతా ఆమెకు ఎదురుపడేది కాదు. గుమ్మం దగ్గర చెప్పులు చూసి ఎవరొచ్చారో, ఎవరు రాలేదో చెప్పేది.

"మొహం అబద్ధమాడుతది సార్, చెప్పులాడయి," అంది ఒకసారి. "పరీక్ష మంచిగ రాసిన పిల్ల చెప్పులు ఇడుస్తది. మంచిగ రాయని పిల్ల చెప్పులు పారేస్తది. చూడున్రి, గా నీలం చెప్పు ఏడున్నదో."

నీలం చెప్పు ఒకటి మెట్ల దగ్గర, రెండోది కుళాయి దగ్గర ఉంది.

దేవత అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మజ్జిగలో నీళ్ళు ఎక్కువ పోస్తుందని పిల్లలు అనేవారు, అది నిజమే. నల్లగొండ వైపు పిల్లలకు కిటికీ పక్క మంచాలు దొరికేవి, అదీ నిజమే. ఎవరి ఫోన్లో ఎవరు మాట్లాడుతున్నారో తెలుసుకోకుండా ఉండలేకపోయేది. మాది గుంటూరు వైపని తెలిశాక నన్ను వదిలిపెట్టలేదు. "కూరను మీరు తింటరా సార్, కూరనే మిమ్ముల తింటదా?" అని క్యారియర్ మూత బిగిస్తూ అడిగేది. కానీ ఆ మర్నాటి నుంచి మా గిన్నెలో కారం ఒక పిసరు ఎక్కువే ఉండేది.

ఆ హాస్టల్లో ఒక పద్ధతి ఉండేది. పరీక్షల ఫలితాలు వచ్చిన రోజు ఓడిపోయిన వాళ్ళకు మొదటి వడ్డన. పాసైనవాళ్ళు పళ్ళేలు పట్టుకుని వెనక నిలబడాలి. ఇది ఎప్పుడు మొదలైందో యాదమ్మకు కూడా తెలియదు. ఒక ఫలితాల రోజు నేను క్యారియర్ కోసం వెళ్ళినప్పుడు, కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిన పిల్ల ఒకతి గొడవ పెడుతోంది.

"ఇదేం న్యాయం ఆంటీ? పాసైతే లడ్డూ పెట్టాలె గని లైను చివరికి తోలుతరా?"

"నువ్వు పాసైనవు గదనే. నీ కడుపు నిండే ఉన్నది. జరుగు."

ఓడిన పిల్ల పళ్ళెంలో అన్నం వేసి ఆమె అక్కడే నిలబడేది. ఎన్ని మార్కులు తగ్గాయని అడిగేది కాదు. మళ్ళీ రాస్తే వస్తుందిలే అని కూడా అనేది కాదు. "మూడో అంతస్తుల బకెట్ ఎవలు పగలగొట్టిన్రు?" అని ఎటో చూస్తూ తగువు మొదలుపెట్టేది. పిల్ల మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేదాకా బకెట్ గొడవ నడిచేది. మింగగానే ఆ గొడవ ఆగిపోయేది. ఆ బకెట్ ఎవరు పగలగొట్టారో ఎన్నడూ తేలలేదు.

మమత ఆ హాస్టల్లో ఉన్న పిల్లే. నర్సింగ్ చదివి, జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగానికి వెళ్ళాలని ఎల్బీనగర్‌లో ఆ భాష నేర్పే క్లాసుకు పోయేది. చదవడం అలవాటవుతుందని అక్కడి మాస్టారు తన పాత గేమ్ ఆమెకిచ్చాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా కొత్త కొత్త భాగాలుగా ఇప్పటికీ వస్తూనే ఉన్న ఆటట అది. మమత భోజనాల బల్ల దగ్గర కూర్చుని అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఆడేది. పక్కన ఆమె బియ్యంలో రాళ్ళు ఏరుతూ చూసేది. కొన్నాళ్ళకు రాళ్ళు ఏరడం మమతకు, ఆట ఆమెకు మారాయి.

ఆట నాకు చాలాసార్లు చెప్పింది కనుక చెప్పగలను. ఒక బాటసారి గుహలోకి దిగుతాడు. ఒక్కో అంతస్తూ దిగేకొద్దీ కత్తి, డాలు, ఆకులు, చుట్టచుట్టిన కాగితాలు దొరుకుతాయి. అవి సంచీలో వేసుకుంటాడు. ఏ ఆకు మందో ఏది విషమో తిని చూస్తేగాని తెలియదు. ఎదురొచ్చిన జంతువుల చేతిలో పడిపోయాడా, సంచీలోది సమస్తం పోతుంది. వట్టి చేతులతో మళ్ళీ ఊళ్ళో లేస్తాడు. పోనీ దారి గుర్తుంది కదా అని దిగితే ఆ దారి ఉండదు. గదులూ మలుపులూ అన్నీ మారిపోయి ఉంటాయి.

"ప్రతిసారీ మొదటికొస్తే విసుగనిపించదా అమ్మా?" అని అడిగాను.

"బువ్వ వండుడు గూడ గంతేగద సార్. పొద్దుటిది మాపటికి ఉంటదా?" అంది. దీంట్లో అడగడానికేముందన్నట్టు చూసింది.

ఆమెకు ఆ ఆటలో నచ్చినది వేరే ఉంది. అందులో మనం అడుగు వేస్తేనే ఎదుటి జంతువు అడుగు వేస్తుంది. మనం కదలకుండా ఉంటే అదీ కాలు ఎత్తి అలాగే నిలబడుతుంది, గంటయినా సరే. పప్పు పొంగుతుంటే గేమ్ గట్టు మీద పెట్టి వెళ్ళేది. కూరగాయల ఆటో వస్తే పోయి బేరమాడి వచ్చేది. తిరిగి వచ్చేసరికి పులి అక్కడే ఉండేది.

"గీ పులి మంచిది సార్," అనేది. "నా పొయ్యి సంగతి దానికెరుకే. మనుషులు గింత ఆగరు."

జపాన్ అక్షరాలు ఆమెకు రావు. ఆకారాన్ని బట్టి పేర్లు పెట్టుకుంది. ఒక ఆకు పేరు చీపురుకట్ట, ఒకటి కొడవలి. ఒక కాగితం ఉండేది, అది చదివితే బాటసారి సంచీతో సహా క్షేమంగా ఊళ్ళోకి వచ్చేస్తాడు. దాని మీది అక్షరాలు వాకిట్లో వేసే ముగ్గులా ఉంటాయని దానికి ముగ్గు కాగితం అని పేరు. మమత ఫోన్లో "అది ముగ్గు కాదు ఆంటీ, దానికి ఇంకో పేరున్నది" అని చెప్పబోతే, "ఉంటే ఉండనియ్, అది పలుకుతున్నది గద," అందట.

ఆ బాటసారికి ఆకలి కూడా వేస్తుంది. కడుపు ఎంత ఖాళీ అయిందో తెర మూల అంకె చూపిస్తుంది. అక్కడక్కడ అన్నం ముద్దలు దొరుకుతాయి. తెలిసినవాళ్ళు ఒకటో రెండో వేసుకుని మిగతా చోటు ఆయుధాలకూ మందులకూ ఉంచుకుంటారు. ఈమె సంచీ సగానికి పైగా అన్నం ముద్దలే. పిల్లలకు అది పెద్ద వేడుక.

"ఆంటీ, సంచి నిండా బువ్వనే పెట్టుకుంటే కత్తి యాడ పెడతరు?"

"కత్తితోని కడుపు నిండుతదా?"

"పులి ఒస్తే ముద్ద పెడతరా మరి?"

"పెడితే తింటదేమో. నువ్వడిగినవా దాన్ని?"

మమత జపాన్ వెళ్ళేటప్పుడు ఆ గేమ్ ఈమె చేతిలో పెట్టి, అక్కడ తనూ అలాంటిదే ఒకటి కొనుక్కుంది. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. ఈమె వంటింటి గట్టు మీద ఫోన్ పెట్టి, స్పీకర్ ఆన్ చేసి, కూర కలుపుతూ మాట్లాడేది. సగం మాటలు ఆట గురించే. అప్పుడే మమత ఒక సంగతి చెప్పింది. బాటసారి పడిపోగానే తెర మీద రెండు మాటలు వస్తాయి. ఒకటి వదిలెయ్, రెండోది ఎదురుచూడు. రెండోది నొక్కితే పొడుగ్గా ఒక అక్షరాల వరస వస్తుంది. అదే ఆట ఉన్న ఇంకొకరికి ఆ వరస పంపితే, వాళ్ళు తమ బాటసారిని తీసుకుని అదే గుహలోకి దిగి, మనం పడిన చోటికి వచ్చి మనల్ని లేపవచ్చు. లేపితే సంచీలోది సంచీలోనే ఉంటుంది. దారిలో వాళ్ళు పడ్డారా, వాళ్ళదీ పోతుంది, వాళ్ళు కూడా ఎదురుచూడు అని నొక్కి మరొకరిని పిలుచుకుంటే తప్ప. ఎదురుచూస్తున్నంతకాలం ఆట కదలదు. ఒక గేమ్‌లో ఒక్క బాటసారికే చోటు.

"పడితే నన్ను పిలువు ఆంటీ, నేనొస్త," అంది మమత.

"నీకు ముసలోళ్ళకు తానం చేపిచ్చే పనున్నది. నీకెందుకే ఇది?" అని ఈమె కొట్టిపారేసింది. ఎన్నిసార్లు పడినా మొదటి మాటే నొక్కేది. పోతే పోయింది అనేది.

తర్వాత మమత ఫోన్లు ఆగిపోయాయి.

అక్కడ ఉద్యోగంలో కొనసాగాలంటే ఆ దేశపు సర్కారు పెట్టే పరీక్ష ఒకటి పాసవ్వాలి. మమత రాసింది. తప్పింది. మరొక్కసారి రాసే అవకాశం ఉంది, అందులోనూ తప్పితే తిరిగి రావాల్సిందే. ఇదంతా మమత తల్లి ఊరినుంచి ఫోన్ చేసి చెప్పింది. చెప్పి, "నీకు చెప్పొద్దన్నది అక్కా, నేను చెప్పినట్టు అనకు" అని కూడా అందట. మళ్ళీ రాయనంటోందట, వచ్చేస్తానంటోందట, సరిగ్గా మాట్లాడటం లేదట.

"నాకెందుకు చెప్పొద్దన్నదో ఎరుకేనా సార్?" అని ఆమె నన్ను అడిగింది. "చెప్తే తిను అంట గద. దానికి తినబుద్ధయితలేదు."

ఆమె చేసిన ఫోన్లు మోగి మోగి ఆగిపోయేవి. "తిన్నవా బిడ్డా" అన్న మాట ఒక్కటే రోజూ పంపేది. మమత చూసేది, జవాబు ఇచ్చేది కాదు. ఆదివారాలు ఫోన్ గట్టు మీదే ఉండేది, కూర మాత్రం మాటల్లేకుండా ఉడికేది.

ఆమె పడిపోయిన మధ్యాహ్నం నేను అక్కడే ఉన్నాను. ఆటలో పడిపోవడం సంగతి చెబుతున్నాను. ఖాళీ క్యారియర్ ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె బల్ల దగ్గర కూర్చుని గేమ్ పట్టుకుని ఉంది, చుట్టూ నలుగురు పిల్లలు. ఎన్నడూ దిగనంత లోతుకు దిగిందట. ఏడాదిగా పెంచుకుంటూ వచ్చిన డాలు చేతిలో ఉంది. బాటసారి ఒంట్లో సత్తువ అయిపోవచ్చింది, ఎదురుగా రెండు అడుగుల దూరంలో ఏదో కొమ్ముల జంతువు. కానీ కాళ్ళ కిందే ముగ్గు కాగితం దొరికింది. తీసి చదివితే అన్నింటితో ఇల్లు చేరవచ్చు.

సంచీ నిండిపోయి ఉంది. కాగితం తీసుకోవాలంటే ఒక వస్తువు కింద పెట్టాలి. కింద పెట్టదగినవి అన్నం ముద్దలే.

"ఒక్క ముద్ద కింద పెట్టున్రి ఆంటీ. గంతే. కాగితం తీస్కోన్రి," అంది ఒక పిల్ల.

"నేల మీదనా?"

"నేల మీదనే. ఇంకేడ పెడతరు?"

"బువ్వను నేల మీద పెడతరటనే?"

"ఆంటీ, అది బొమ్మ. అది బువ్వ గాదు."

"బొమ్మయితే వాడి ఆకలెట్ల తీరుతున్నది?"

"పోనీ వానికే తినిపియ్యిన్రి."

"కడుపు నిండినోనికి బలవంతంగ కుక్కుతరా? కక్కుకుంటడు."

పిల్లలు నా వైపు చూశారు, సారైనా చెప్పాలన్నట్టు. నేను చిన్నప్పుడు పళ్ళెం పక్కన పడిన మెతుకు ఏరుకుని కళ్ళకద్దుకున్నవాణ్ణే. జంతువు ఒక కాలు ఎత్తి ఓపిగ్గా నిలబడి ఉంది. ఆమె చాలాసేపు ఆలోచించింది. చివరికి సంచీ మూసి, కాగితాన్ని అక్కడే వదిలి, పక్కకు తప్పుకుని మెట్ల వైపు పోదామని ఒక అడుగు వేసింది. జంతువు కూడా అడుగు వేసింది. రెండో అడుగుకు బాటసారి పడిపోయాడు, ముద్దలన్నీ సంచీలో భద్రంగా ఉండగానే.

పిల్లలు తల పట్టుకున్నారు. తెర మీద రెండు మాటలు వచ్చాయి. ఆమె వేలు అలవాటుగా మొదటి దాని మీదికి పోయి, ఆగింది. రెండోది నొక్కింది.

"పరీక్ష సంగతడిగితే ఫోనెత్తదు," అంది నెమ్మదిగా. "నేను పడ్డ, లేపు అంటే ఒస్తదేమో."

అక్షరాల వరసను ఫోన్‌తో ఫొటో తీయాలి. ట్యూబ్‌లైటు వెలుగు తెర మీద పడి సగం అక్షరాలు కనపడటం లేదు. లైటు తీస్తే కిటికీ వెలుగు పడుతోంది. యాదమ్మ మంచం మీది దుప్పటి తెచ్చి మా ఇద్దరి మీద గుడారంలా పట్టుకుంది. దుప్పట్లో నేనూ ఆమే ఒకరి మోచేయి ఒకరికి తగులుతూ ఫొటో తీస్తుంటే, బయట పిల్లలు నవ్వు ఆపుకోలేకపోయారు.

"సార్, మీరు పేపర్ల పనిచేసిన్రు గద. ఒక్క అక్షరం పోవద్దు, చూడున్రి."

"నాకు జపాన్ భాష రాదమ్మా."

"నాకొస్తదా? గీతలు చూడున్రి, గీతలు."

జీవితమంతా ప్రూఫులు చూసిన కళ్ళు. తెర మీది గీతలూ ఫొటోలోని గీతలూ ఒక్కొక్కటే పోల్చి చూశాను. అర్థం తెలియని అచ్చును అంత శ్రద్ధగా నేనెన్నడూ దిద్దలేదు. సరిపోయిందని చెప్పాక ఆమె ఫొటో పంపి, కింద మాట రికార్డు చేసింది. "బిడ్డా, నేను పడ్డ. నువ్వొచ్చి లేపు." అంతే. పరీక్ష మాట లేదు, తిన్నావా అని కూడా అడగలేదు.

తెర మళ్ళీ ఆ రెండు మాటల దగ్గరికే వచ్చి ఆగింది. ఆ తర్వాత ఎదురుచూడటమే. ఆట కదలదు కనుక ఆమె చేతులకు పని లేకుండా పోయింది. చింతపండు గింజలు తీయడం, కరివేపాకు దూయడం, పిల్లల తువ్వాళ్ళకు అంచులు కుట్టడం మొదలుపెట్టింది. బ్యాటరీ అయిపోతే బాటసారికి ఏమవుతుందోనన్న భయంతో గేమ్‌ను ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచేది. ఏమీ కాదని పిల్లలు చెప్పినా వినలేదు.

"గివప్ కొట్టున్రి ఆంటీ, కొత్తది ఆడుకోవచ్చు," అనేవారు.

"ఎదురుచూస్తా అని చెప్పి లేచిపోతే ఒచ్చినోళ్ళు ఏమనుకుంటరు?"

ఇంకో పిల్ల, ఆ వరసను ఇంటర్నెట్‌లో పెడితే ముక్కూమొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి లేపుతారని, అలా లేపడమే సరదాగా పెట్టుకున్నవాళ్ళు ఉన్నారని చెప్పింది.

"ఊరోళ్ళందరెందుకే? పిలిచింది ఒక్కదాన్ని," అంది ఆమె.

వారాలు గడిచాయి. ఒక గురువారం సాయంత్రం నేను క్యారియర్ కోసం వెళ్ళేసరికి ఆమె వంటింట్లో నిలబడి ఫోన్ చెవికి దగ్గరగా పట్టుకుని ఉంది. గరిటె రెండో చేతిలో ఉంది, పప్పు అడుగంటుతున్న వాసన వస్తోంది. నన్ను చూసి, ఫోన్లో రికార్డై వచ్చిన మాటను మళ్ళీ పెట్టి వినిపించింది. మమత గొంతు.

"ఆంటీ, ఫోన్ ఎత్తలేదని కోపం చెయ్యకు. ఫెయిలయిన. నీకెట్ల చెప్పాలె. నువ్వు పిలిచినప్పటిసంది ఒస్తనే ఉన్న. డ్యూటీ అయినంక రోజు కొంచెం దిగిన. నీ కాడికి రెండంతస్తులు ఉన్నదనంగ నేను గూడ పడ్డ. ఎదురుచూడు అని కొట్టి కూసున్న. ఇప్పుడెట్ల ఆంటీ?"

ఆమె వెంటనే ఫోన్ చేసింది. మమత ఎత్తింది.

"తిన్నవా?"

"తింట."

"ఇప్పుడే తిను. నేను లైన్ల ఉంట."

అవతల గిన్నె చప్పుడు వినిపించింది. ఈమె బకెట్ గురించి అడిగింది, మీ దగ్గర బకెట్లు ప్లాస్టిక్‌వా, ఇనుపవా అని. నేను బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను. కాసేపటికి మాటలు మళ్ళీ ఆట మీదికి వచ్చాయి. ఇద్దరూ పడి ఉన్నారు, ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఎవరో ఒకరు తమ బాటసారిని వదిలేసి, కొత్తగా మొదటి మెట్టు నుంచి బయల్దేరితేనే రెండోవాళ్ళు లేస్తారు.

"నాది వదిలేసి మళ్ళొస్త ఆంటీ," అంది మమత.

"వద్దు. నువ్విప్పటికే ఒకటి పోగొట్టుకున్నవు. నాది పోనీ. నేనొస్త నీ కాడికి."

"నీ డాలు పోతది. ఏడాది డాలు."

"పోతే మళ్ళ చేస్త. పరీక్ష మళ్ళ రాస్తవా?"

"నువ్వొచ్చి నన్ను లేపినంక చెప్త," అంది మమత.

"గట్లనే," అని ఈమె ఫోన్ పెట్టేసి, మాడిన పప్పు గిన్నెను నీళ్ళలో ముంచింది. ఆ రోజు మా క్యారియర్లో పప్పు లేదు. ఆమె మొహంలో అంత తేలిక నేను అంతకుముందు చూడలేదు.

"మరి నొక్కేస్తారా ఇప్పుడు?" అని గేమ్ వైపు చూపించాను.

"ఇయ్యాల పొద్దుగూకుతున్నది. దీపం పెట్టే యాళ్ళ ఎట్ల ఒదులుకుంట? రేపు శుక్రవారం. శుక్రవారం చేతిలున్నది పోగొట్టుకోం. శనివారం నొక్కుత. మార్కెట్ పోయొచ్చి కూసుంట."

"ఆటే కదమ్మా."

"ఆటల లక్ష్మి ఉండదా సార్?"

నేను నవ్వి క్యారియర్ తీసుకుని వచ్చేశాను. శుక్రవారం ఆమె గేమ్‌కు కూడా ఒక చుక్క పసుపు, ఒక చుక్క కుంకుమ పెట్టిందని యాదమ్మ తర్వాత చెప్పింది. శనివారం సంగతి మొదట్లోనే చెప్పాను.

ఆ సాయంత్రమే మమతకు తల్లి ద్వారా తెలిసింది. యాదమ్మకు ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. చివరికి హాస్టల్లో పిల్లలు తిన్నారా అని అడిగింది.

ఇప్పుడు ఆమె తమ్ముడు హాస్టల్ నడిపిస్తున్నాడు. వంట యాదమ్మదే. గేమ్ ఆఫీసు టేబుల్ మీద ఛార్జింగ్‌లోనే ఉంది, పసుపు చుక్క సగం చెరిగింది. ఆట బాగా వచ్చిన పిల్ల ఒకతి, ఆంటీ అనుకున్న పని తను చేస్తానంది. ఇక్కడి బాటసారిని వదిలేసి, కొత్తగా దిగి, మమతను లేపుతానంది. మమత చెప్పనిదే ముట్టనివ్వనని యాదమ్మ అంది. మమతను అడిగితే, ఆంటీది అట్లనే ఉండనియ్యండి అంటుంది. మరి నీది వదిలేసి వచ్చి ఆంటీని లేపుతావా అంటే దానికీ ఊ అనదు. అక్కడ ఒకటి, ఇక్కడ ఒకటి, రెండు ఆటలూ నిలిచే ఉన్నాయి.

ఆదివారాలు మమత యాదమ్మకు ఫోన్ చేస్తుంది. ఏం కూర వండావని అడుగుతుంది, యాదమ్మ చెబుతుంది. పరీక్ష మాట యాదమ్మ ఎత్తదు, ఆ పిల్లా ఎత్తదు. మమత తల్లి మాత్రం వారానికొకసారి నాకు ఫోన్ చేసి, పేపర్లో పనిచేసినవారు కదా, ఏమన్నా తెలిసిందా అని అడుగుతుంది. మళ్ళీ పరీక్ష రాయడానికి దరఖాస్తు గడువు ఈ నెలాఖరు. నిన్నటి ఆదివారం వరకు మమత దరఖాస్తు పెట్టలేదు.